రెండు నెలల కుక్కపిల్ల, పగలంతా పనులకు వెళ్లే ఇల్లు: మూత్రం అలవాటు ఎలా చేయాలి?

బాలసముద్రం_టీచర్ (హనుమకొండ)

జున్ను రెండు నెలల ఆడపిల్ల. మా అపార్ట్‌మెంటు సెల్లారులో పుట్టిన నాటు కుక్కపిల్ల. తల్లి రోడ్డు దాటుతూ చనిపోయాక మా అబ్బాయి పైకి తీసుకొచ్చాడు. దాన్ని వదులుకునే ఆలోచన మాకు లేదు. పశువుల ఆసుపత్రిలో నట్టల మందు తాగించి, మొదటి టీకా వేశారు.

నేను పరకాల దగ్గర బడిలో పనిచేస్తాను. ఉదయం ఎనిమిదికి బయల్దేరితే ఇల్లు చేరేసరికి అయిదున్నర. మావారిది బ్యాంకు ఉద్యోగం, తొమ్మిదిన్నరకు వెళ్లి రాత్రి ఏడు దాటాక వస్తారు. అబ్బాయి ఏడో తరగతి, నాలుగున్నరకు వస్తాడు. పగలు ఇంట్లో ఉండేది అత్తయ్య ఒక్కరే. ఆమెకు మోకాళ్ల నొప్పులు. మాది మూడో అంతస్తు, లిఫ్టు లేదు.

జున్ను హాల్లో, మంచం కింద, ఎక్కడ పడితే అక్కడ మూత్రం పోస్తోంది. నిన్న పూజ గది గడప దగ్గర పోసింది. అత్తయ్య రాత్రి అన్నం ముట్టలేదు. ఆమెను తప్పుపట్టను, జీవితమంతా పాటించిన శుచి అది. ఇద్దరినీ నొప్పించకుండా ఏదైనా దారి చెప్పండి. టీకాలు పూర్తయ్యేదాకా కిందికి దింపవద్దని డాక్టరు అన్నారు. నేల మీద కాలు పెట్టనివ్వకుండా బయటి అలవాటు ఎలా నేర్పాలో నాకు అర్థం కావడం లేదు.

నక్కలగుట్ట_వాసి

మేడమ్, ఏమీ అనుకోకండి. ఇద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇంట్లో ఇంత చిన్నపిల్లను పెంచడం దానికే కష్టం. తోట ఉన్న ఇల్లు చూసి ఇచ్చేయండి.

హంటర్_రోడ్_అక్క

తమ్ముడూ, సెల్లారులో తల్లి లేని పిల్లకు తోట ఉన్న ఇల్లు దొరికేదాకా ఎవరు ఆగుతారు? పైగా తోట ఉన్న ఇళ్లలో కుక్కలు తమంతట తాము నేర్చుకుంటాయనుకోవడం పొరపాటు. గేటులో వదిలేసి ఎవరూ వెంట ఉండకపోతే, అది తోటలో ఆడుకుని లోపలికొచ్చి హాల్లో పోస్తుంది. నేర్పేది మనిషి, జాగా కాదు.

టీచర్ గారూ, మీ ఇంట్లో పగలు ఒక మనిషి ఉన్నారు. అది చాలా పెద్ద విషయం. కుక్కపిల్ల కోసం కొత్తగా టైంటేబుల్ రాసుకోకండి. రెండో రోజుకే అది గోడ మీద కాగితంగా మిగిలిపోతుంది. ఇంట్లో ఇప్పటికే తప్పకుండా జరిగే పనులు కొన్ని ఉంటాయి కదా, వాటికి దీన్ని తగిలించండి. పాల ప్యాకెట్ తీయడానికి తలుపు తెరిచినప్పుడు ఒకసారి. కుక్కరు పెట్టి ఒకసారి. మీరు చెప్పులు వేసుకునే ముందు ఒకసారి. అత్తయ్య గారు మధ్యాహ్నం భోజనానికి ముందు మాత్ర వేసుకుంటారేమో, అప్పుడు ఒకసారి. ఆమె కునుకు తీసి లేచి టీ పెట్టుకునే వేళకు మరొకసారి. ఈ పనులు ఎవరూ గుర్తు చేయకుండానే జరుగుతాయి, వాటితోపాటు ఇదీ జరిగిపోతుంది.

ఆమె మెట్లు దిగనక్కరలేదు. బాల్కనీ ఉందా?

బాలసముద్రం_టీచర్

ఉంది అక్కా, వంటింటి వెనక చిన్నది. అత్తయ్య భోజనానికి ముందు షుగరు మాత్ర వేసుకుంటారు, మీరు భలే పట్టుకున్నారు. నేను ఇప్పటివరకు పాత దినపత్రికలు పరుస్తున్నాను. ఒక్కోసారి వాటి మీద పోస్తోంది. కానీ మావారు చదవడానికి కింద పరిచిన పేపరు మీద కూడా పోసింది.

పశువైద్యుడు_నర్సంపేట

ఆ చివరి వాక్యంలోనే మీ సమస్య ఉంది. చిన్నవయసులో కుక్కపిల్ల తన కాళ్ల కింద ఏది తగిలితే దాని మీద మూత్రం పోయడానికి అలవాటు పడుతుంది. ఎనిమిది, తొమ్మిది వారాల వయసుకల్లా ఆ ఇష్టం గట్టిపడుతుంది. పేపరు నేర్పితే పేపరే వెతుక్కుంటుంది. రేపు కిందికి దింపినప్పుడు మట్టి మీద తిరిగి తిరిగి, పైకొచ్చి పేపరు మీద పోస్తుంది. మీరు చివరికి మట్టి మీద పోయాలని కోరుకుంటున్నారు కనుక ఇప్పుడే మట్టి ఇవ్వండి.

ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బు తీసుకోండి. అంచు అది సులువుగా దాటేంత పొట్టిగా ఉండాలి. అడుగున ఇసుక, పైన మట్టి వేయండి. కుక్కలు తిరిగే చోటి మట్టి వద్దు. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతుకుతుంది, టీకా పూర్తికాని పిల్లకు అది ప్రాణాంతకం. నర్సరీ నుంచి కొత్త మట్టి తెచ్చుకోండి. దాని మూత్రం తుడిచిన గుడ్డ ముక్కను మొదటిరోజు ఆ మట్టిలో కొద్దిగా పూడ్చండి, వాసన పట్టి అక్కడికి వస్తుంది. మలాన్ని వెంటనే తీసేయాలి, మట్టిని వారానికోసారి మార్చాలి. నట్టల గుడ్లు మట్టిలో పడిన తర్వాత అంటుకునే దశకు రావడానికి కొన్ని రోజులు పడుతుంది, ఆలోపే తీసేస్తే ఇంట్లో పిల్లలకు భయం తగ్గుతుంది.

ఎంతసేపు ఆపుకోగలదన్నది అందరూ అడుగుతారు. మోటు లెక్క ఒకటి ఉంది: వయసు ఎన్ని నెలలో అన్ని గంటలు, పైన ఇంకో గంట. అంటే జున్ను మెలకువగా ఉంటే మూడు గంటలకు మించి ఆపుకోలేదు, ఆడుతుంటే అంతకూడా ఆపుకోలేదు. నిద్ర లేవగానే, తిన్న పావుగంట నుంచి అరగంట లోపల, ఆట ఆగగానే: ఈ మూడు సందర్భాల్లో ఎత్తుకెళ్లి టబ్బులో నిలబెట్టండి. కడుపులో ఆహారం పడగానే పెద్దపేగు కదలడం సహజం, కాబట్టి తిండి వేళలు స్థిరంగా ఉంటే మలవిసర్జన వేళలూ స్థిరపడతాయి. ఈ వయసులో రోజుకు నాలుగుసార్లు పెట్టండి. ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి. రోజంతా గిన్నె ముందుంచితే దానికి ఎప్పుడు వస్తుందో ఎవరూ చెప్పలేరు.

పాలు పోస్తున్నారా?

బాలసముద్రం_టీచర్

పోస్తున్నాం డాక్టరు గారూ. గేదె పాలు, రోజుకు మూడుసార్లు. మలం పలచగానే ఉంటోంది.

పశువైద్యుడు_నర్సంపేట

ఆపేయండి. తల్లిపాలు మానిన పిల్లల్లో పాలచక్కెరను అరిగించే శక్తి తగ్గిపోతుంది, పలచటి విరేచనాలు అందుకే. విరేచనాలు అవుతున్న పిల్లకు మీరు ఏ అలవాటూ నేర్పలేరు, అది ఆపుకోవాలన్నా ఆగదు. అన్నం, ఉప్పుకారాలు లేని ఉడికించిన కోడిమాంసం లేదా గుడ్డు, లేదంటే పిల్లలకని అమ్మే ఆహారాన్ని నీళ్లలో నానబెట్టి పెట్టండి. కొద్దిగా పెరుగు పడుతుంది. ఉల్లిపాయ వేసిన కూర మెతుకులు పెట్టకండి, వాటి రక్తకణాలకు ఉల్లి హాని చేస్తుంది. పాలు మానేసినా రెండు రోజుల్లో విరేచనాలు తగ్గకపోతే, రక్తం కనిపిస్తే, వాంతులు అయితే, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇక్కడ రాసి జవాబు కోసం ఎదురు చూడవద్దు.

ఏనుమాముల_రైతుబిడ్డ

మా ఇంట్లోనూ ఇదే గొడవ. అది పోసే మూలల్లో మిరపపొడి చల్లమని నాన్న, కలరా ఉండలు పెట్టమని పక్కింటి ఆయన చెబుతున్నారు. పనిచేస్తాయా?

పశువైద్యుడు_నర్సంపేట

రెండూ వద్దు తమ్ముడూ. కలరా ఉండ ఒక్కటి మింగినా చిన్నపిల్ల ప్రాణం మీదికి వస్తుంది. మిరపపొడి ముక్కులోకి, కళ్లలోకి పోతుంది, తర్వాత అది ఆ మూలనే కాదు, మిమ్మల్నీ తప్పించుకు తిరుగుతుంది. మూత్రంలో ముక్కు రాయడం కూడా ఇలాంటిదే. అందులో దానికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మనిషి చూస్తుండగా పోయకూడదని. ఆ తర్వాత సోఫా వెనక, మంచం కింద చాటుగా పోస్తుంది. మీరు టబ్బు దగ్గర నిలబడితే మీ ముందు పోయదు. నేర్పే దారిని మనమే మూసేసుకున్నట్టు అవుతుంది.

హంటర్_రోడ్_అక్క

కడగడం గురించి కూడా చెప్పాలి. చాలామంది ఇక్కడే శ్రమ వృథా చేసుకుంటారు. నల్ల ఫినాయిల్ పోసి కడిగితే మనకు వాసన పోయినట్టే ఉంటుంది, కుక్క ముక్కుకు పోదు. పైగా తడి నేల మీద నడిచి పాదాలు నాకితే అది విషమే. బ్లీచింగ్ పౌడరు మూత్రం మీద నేరుగా చల్లితే ఘాటు వాయువు వస్తుంది, మనుషులకూ ప్రమాదం. ముందు పాత గుడ్డతో అద్ది, ఉన్నంతా పీల్చనివ్వండి. రుద్దితే పాకుతుంది. తర్వాత ఎంజైములు ఉన్న సబ్బుపొడి, పెట్టె మీద రాసి ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో కలిపి పదిహేను నిమిషాలు నాననిచ్చి, మంచినీళ్లతో తుడవండి. షాబాద్ బండలున్న పాత ఇళ్లలో బండల సందుల్లోకి దిగుతుంది, అక్కడ రెండుసార్లు చేయాలి.

కొత్తవాడ_మగ్గం

మా ఇళ్లన్నీ జంపఖానాలే కనుక ఒక మాట. కుక్కపిల్లకు మెత్తగా, తడి పీల్చేది ఏది కనిపించినా అక్కడే పోయాలనిపిస్తుంది. నూలు జంపఖానా అందుకు సరిగ్గా సరిపోతుంది. అలవాటు కుదిరేదాకా చుట్టి అటక మీద పెట్టండి. తడిసినదాన్ని ఎండలో ఆరేసి మళ్లీ పరిస్తే సరిపోదు, నూలు లోపల వాసన ఉండిపోతుంది. చన్నీళ్లలో నానబెట్టి, పిండకుండా నీరు ఓడనిచ్చి, నీడలో ఆరేయండి. వేడినీళ్లు పోస్తే రంగు దిగుతుంది.

బాలసముద్రం_టీచర్

హాల్లో జంపఖానా ఇవాళే తీసేశాను. టబ్బు కూడా తెచ్చాం. అత్తయ్యకు మాత్రం పూజ గది గురించే దిగులు. బాల్కనీ తలుపు తీస్తాను కానీ దాన్ని ఎత్తుకోను, మడి పోతుంది అంటున్నారు.

గిర్మాజీపేట_వడ్రంగి

పూజ గది గడపకు రెండడుగుల ఎత్తు చెక్క అడ్డు పెట్టించుకోండి. ప్లైవుడ్ వద్దు, కొరికి నమిలేస్తుంది. గుండ్రంగా చెక్కిన కర్రలు, దాని తల ఇరుక్కోనంత దగ్గరగా ఉండాలి. బందులు వేస్తే పెద్దవాళ్లు వంగకుండా తీసుకోవచ్చు. ఇలాంటిదే ఇంకొకటి వంటింటి గుమ్మానికి పెడితే, పగలంతా అది వంటిల్లు, బాల్కనీ మధ్యే ఉంటుంది. అప్పుడు ఆమె ఎత్తుకోనక్కరలేదు, తలుపు తీస్తే చాలు.

హంటర్_రోడ్_అక్క

వడ్రంగి అన్న చెప్పింది బంగారం లాంటి మాట. నేర్వని పిల్లకు ఇల్లంతా ఇవ్వకూడదు. చిన్న జాగా ఇచ్చి, అక్కడ శుభ్రంగా ఉండటం అలవాటయ్యాక ఒక్కో గదీ తెరవాలి. పడుకునే చోట మూత్రం పోయకూడదన్న బుద్ధి పుట్టుకతోనే ఉంటుంది, దాన్ని మనం వాడుకోవాలి. దాని పడకను వంటింట్లో ఒక మూల, టబ్బును బాల్కనీలో రెండో చివర పెట్టండి. అన్నం గిన్నె టబ్బుకు దగ్గరగా పెట్టకండి.

అత్తయ్య గారు తలుపు తీసి, అది టబ్బులో దిగి పోసిన వెంటనే, ఆమె చేతి నుంచి గుడ్డు ముక్క ఒకటి అందాలి. వెంటనే అంటే అది పోయడం ముగించిన ఒకటి రెండు క్షణాల్లో. లోపలికొచ్చాక ఇస్తే, లోపలికి వచ్చినందుకు ఇచ్చారనుకుంటుంది. ఆమె గుడ్డు ముట్టరంటే ఉడికిన చిలగడదుంప ముక్క ఇవ్వవచ్చు. పైనుంచి జారవిడిచినా చాలు, తాకనక్కరలేదు.

కాజీపేట_లోకోపైలట్

ఇంట్లో జరిగే పనులకు తగిలించమన్న సలహా బాగుంది, కానీ మా ఇంట్లో అలాంటి వేళలే ఉండవు. ఒకరోజు బల్లార్షా వైపు, ఒకరోజు విజయవాడ వైపు. పిలుపు అర్ధరాత్రి వస్తుంది, తెల్లవారుజామున వస్తుంది. నా భార్య ఆసుపత్రిలో నర్సు, ఆమెవీ షిఫ్టులే. మా దగ్గర కూడా మూడు నెలల పిల్ల ఉంది. మాలాంటివాళ్లు ఏం చేయాలి?

భూపాలపల్లి_సింగరేణి

అన్నా, మాదీ అదే బతుకు. వారం మారితే షిఫ్టు మారుతుంది. మేము గడియారాన్ని వదిలేసి కుక్కపిల్లనే గడియారం చేసుకున్నాం. నిద్ర లేచిందా, తిన్నదా, ఆట ఆపిందా, ఈ మూడే చూస్తాం. ఎప్పుడు పోసిందో వంటింటి తలుపు వెనక సుద్దముక్కతో గీస్తాం. డ్యూటీ దిగి వచ్చినవాళ్లు ముందు ఆ తలుపు చూస్తారు, ఎవరినీ నిద్ర లేపి అడగాల్సిన పనిలేదు. నాలుగు రోజులు గీస్తే దాని తీరు కళ్లకు కనిపిస్తుంది. మాది తిన్నాక ఒకసారి, మళ్లీ కాసేపటికి ఇంకోసారి పోస్తుందని ఆ గీతలు చూశాకే తెలిసింది. అప్పటిదాకా మొదటిసారి పోయగానే లోపలికి తెచ్చేసేవాళ్లం.

ఇద్దరి షిఫ్టులూ కలిసిపోయిన రోజు మాత్రం ఎదురింటి పెద్దమ్మకు తాళం ఇస్తాం. మధ్యలో ఒకసారి వచ్చి తలుపు తీసి వెళ్తుంది. ఇలా రావడానికి ఒక మనిషి లేకపోతే, మూడు నెలల పిల్లను ఎనిమిది గంటలు ఒంటరిగా వదలడం న్యాయం కాదు. ఆ మనిషిని వెతుక్కోవడమే అసలు పని.

మంచిర్యాల_గది

నేను ఒక్కడినే ఉంటాను, ఒకటే గది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది వరకు దుకాణంలో ఉంటాను. కుక్కపిల్లను తెచ్చుకోవాలని చాలా కోరికగా ఉంది.

హంటర్_రోడ్_అక్క

వద్దు నాన్నా, ఇప్పుడు పిల్లను తేవద్దు. నీ కోరికను కాదనడం లేదు. రెండేళ్లు దాటిన కుక్కను దత్తత తీసుకో. ఎదిగిన కుక్కలు ఇంతకన్నా ఎక్కువసేపు ఆపుకుంటాయి, ఎక్కువసేపు పడుకుంటాయి, కొత్త ఇంటి అలవాటు కూడా త్వరగా పడుతుంది. వాటిని అడిగేవాళ్లే ఉండరు. అయినా పదకొండు గంటలు దానికీ ఎక్కువే, మధ్యాహ్నం అన్నానికి ఇంటికి వచ్చే వీలు చేసుకున్నాకే తెచ్చుకో.

బాలసముద్రం_టీచర్

ఒక సంగతి, ఇంకొన్ని ప్రశ్నలు. జున్ను టబ్బులో పోయడం మొదలుపెట్టింది. పాలు మానేశాక మలం గట్టిపడింది. పగటి పూట తప్పులు బాగా తగ్గాయి, ఎందుకంటే అత్తయ్య నాకన్నా కచ్చితంగా ఉన్నారు. మాత్ర వేళ, టీ వేళ ఒక్కసారి కూడా తప్పలేదు.

ప్రశ్నలు: సాయంత్రం మావారు ఇంటికి రాగానే ఎదురు పరుగెత్తి ఆయన కాళ్ల దగ్గరే పోస్తుంది. అంతకుముందే టబ్బులో పోసి ఉన్నా ఇంతే. రాత్రి ఏం చేయాలి? మధ్యాహ్నం బాల్కనీలో ఎండ పడుతోంది, టబ్బు అక్కడే ఉంచవచ్చా?

పశువైద్యుడు_నర్సంపేట

ఆయన కాళ్ల దగ్గర పోయడం అలవాటు లోపం కాదు. సంతోషం పట్టలేక కండరం వదులవుతుంది, దానికి తెలిసి జరగదు. కేకేస్తే ఇంకా ఎక్కువవుతుంది. సార్ లోపలికి రాగానే దాన్ని పలకరించకుండా, కళ్లలోకి చూడకుండా నేరుగా బాల్కనీ వైపు నడవాలి. అది వెంట వస్తుంది. అక్కడ పోశాక, కింద కూర్చుని నెమ్మదిగా పలకరించాలి. పైనుంచి వంగి తల నిమరవద్దు. పెరిగేకొద్దీ ఇది చాలావరకు దానంతట అదే పోతుంది. అయితే రోజంతా కొద్దికొద్దిగా మాటిమాటికీ పోస్తున్నా, ముక్కుతున్నా, మూత్రంలో రక్తం ఉన్నా అది మూత్రకోశంలో ఇన్ఫెక్షన్ కావచ్చు. ఆడపిల్లల్లో ఇది కనిపిస్తుంటుంది, పరీక్ష చేయించాలి.

మన దగ్గర ఎండాకాలం సంగతి మీకు తెలిసిందే. బండలు కాలితే పాదాలు బొబ్బలెక్కుతాయి. అరచేతి వెనక భాగాన్ని కొన్ని క్షణాలు నేలకు ఆనించి చూడండి, మీరు భరించలేకపోతే అదీ భరించలేదు. గోనెసంచి తెర కట్టి నీళ్లు చల్లండి. మూత్రం తగ్గుతుందని పగలు నీళ్లు మాత్రం తగ్గించకండి.

హంటర్_రోడ్_అక్క

రాత్రి సంగతి నేను చెబుతాను. చివరి భోజనం ఏడు, ఏడున్నరకల్లా. పడుకునే ముందు టబ్బు. తర్వాత దాని పడకను మీ మంచం పక్కకు తెచ్చి, అట్టపెట్టెలోనో చెక్క పెట్టెలోనో పడుకోబెట్టండి. లేచి నిలబడి తిరిగేంత చోటు ఉంటే చాలు. అర్ధరాత్రి దాటాక అది కదిలి మూలిగితే ఎత్తుకెళ్లండి. పెద్ద లైటు వేయకండి, మాట్లాడకండి, ఆడించకండి. పోయగానే మళ్లీ పక్కలోకి. ఆ వేళలో ముద్దు చేస్తే రోజూ ఆటకే లేపుతుంది. ఈ పని వంతులు వేసుకోండి. బ్యాంకు సార్‌కు సెలవున్న ముందురోజు రాత్రులు ఆయనకు ఇవ్వండి, మీకు బడి ఉన్న రోజుల్లో నిద్ర చెడకూడదు.

బాలసముద్రం_టీచర్

వంతులు రాసేశాం. కింది ఇంటివాళ్లు బాల్కనీ నుంచి వాసన వస్తోందని, కుక్కను ఉంచకూడదని అంటున్నారు. అసోసియేషన్‌లో మాట్లాడతారట.

నక్కలగుట్ట_వాసి

మేడమ్, దీనిలో నేను మీ పక్షం. పెంపుడు జంతువులను నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని భారత జంతు సంక్షేమ మండలి 2015లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ కాగితం తీసి దగ్గర ఉంచుకోండి, కానీ ముందు దాన్ని చూపించకండి. వాళ్లను పిలిచి టబ్బు చూపించండి. టబ్బు కింద పళ్లెం పెట్టండి, నీరు కిందికి కారకుండా ఉంటుంది. వాసన నిజంగా వస్తుంటే వాళ్ల బాధలో తప్పులేదు, మట్టి ఇంకాస్త తొందరగా మార్చాలి.

కాజీపేట_లోకోపైలట్

మేమూ తలుపు మీద సుద్దగీతలు మొదలుపెట్టాం. ఎదురింట్లో డిగ్రీ చదివే అమ్మాయి మధ్యాహ్నం రావడానికి ఒప్పుకుంది. డాక్టరు గారూ, ఆడుకుంటూ ఆ అమ్మాయి చేతిని పళ్లతో గీరింది. మా పిల్లకు రేబిస్ టీకా ఇంకా వేయించలేదు.

పశువైద్యుడు_నర్సంపేట

సబ్బు పెట్టి కుళాయి నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగించి, ఈరోజే ఆ అమ్మాయిని ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఇంజెక్షన్లు అవసరమా లేదా అన్నది అక్కడి డాక్టరు చెబుతారు. చిన్నపిల్లే కదా అని వదిలేయకండి. మీ పిల్లకు మూడు నెలలు నిండాయి కనుక రేబిస్ టీకా ఇక వాయిదా వేయవద్దు. పళ్లు వచ్చే వయసులో అన్నిటినీ కొరుకుతుంది, చేతికి బదులు గట్టి రబ్బరు బొమ్మ అందించమని ఆమెకు చెప్పండి.

కాజీపేట_లోకోపైలట్

వెళ్తున్నాం సార్.

బాలసముద్రం_టీచర్

కింది ఇంటివాళ్లు వచ్చి చూసి వెళ్లారు. పళ్లెం పెట్టాక మళ్లీ ఏమీ అనలేదు. జున్నుకు మూడో టీకా వచ్చే వారం. సెల్లారు వెనక వేపచెట్టు దగ్గర కొంచెం మట్టి నేల ఉంది, దాన్ని అక్కడికి మార్చాలనుకుంటున్నాం. అబ్బాయి బడి నుంచి రాగానే తీసుకెళ్తానంటున్నాడు. టబ్బు ఒక్కసారిగా తీసేయాలా?

పశువైద్యుడు_నర్సంపేట

తీసేయకండి. అత్తయ్య గారు ఒక్కరే ఉండే వేళకు అది ఎప్పటికీ అవసరమే. కిందికి మార్చడానికి టబ్బులోని తడి మట్టి రెండు గుప్పిళ్లు తీసుకెళ్లి వేపచెట్టు దగ్గర వేయండి. ముందు ఉదయం పూట ఒక్కసారే, మీరే బెల్టు పట్టుకుని తీసుకెళ్లండి. మెట్ల మీద ఆగి పోయకుండా కిందిదాకా ఎత్తుకెళ్లండి. అది పోసేదాకా ఒకేచోట నిలబడండి, అటూఇటూ తిప్పితే వాసనల్లో పడి మరిచిపోతుంది. పోశాక కాసేపు తిప్పి అప్పుడు పైకి తీసుకురండి, పోయగానే ఇంటికి తెస్తే షికారు కోసం ఆపుకోవడం నేర్చుకుంటుంది. అక్కడ వీధికుక్కలు ఉంటే అబ్బాయిని ఒంటరిగా పంపకండి.

టీకా పడిన తర్వాత రెండు వారాలు ఆగి మొదలుపెట్టండి. టీకాకు వెళ్లిన రోజు ఆసుపత్రి వరండాలో దాన్ని నేల మీద దింపకండి, జబ్బు పడిన కుక్కలన్నీ వచ్చేది అక్కడికే. మీ వంతు వచ్చేదాకా ఒళ్లోనే ఉంచుకోండి.